అనాథ కట్ట

పోస్టుమేన్ బక్కాయన మెట్ల మీద నుంచి పడ్డాడన్న కబురు ఆఫీసుకు చేరేలోపే బక్కాయన్నే తోపుడుబండి మీద వేసుకుని వచ్చేశారు. నుదురు చిట్లింది. యూనిఫాం కాలరంతా నెత్తురు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అంత జ్వరంతో, భుజాన రెండు సంచులతో లిఫ్టు లేని ఇంటి పై అంతస్తుకు ఎక్కాడు. అక్కడ కళ్ళు తిరిగి దొర్లాడు.

"ఉత్తరాలన్నీ ఏరారా?"

పోస్టుమాస్టరు అడిగిన మొదటి మాట అది. ఏరామన్నారు తీసుకొచ్చినవాళ్ళు. ఆయన కట్ట అందుకున్నాడు. పైనున్న కవరుకు నెత్తురంటితే దాన్ని జేబురుమాలుతో ఒత్తి తుడిచాడు. హాల్లోకి నడిచి, బల్లల మధ్య నుంచి పోయి, చిన్నల్లుడి బల్ల మీద కట్టను ధబ్బున పడేశాడు.

"ఇవీ నువ్వే పంచెయ్యి. ఓటీ వేస్తాను."

హాల్లో అందరూ బక్కాయన్ని చూస్తున్నారు. పెద్దల్లుడు మాత్రం కట్టను చూశాడు. మళ్ళీ వాడికేనా, అనుకున్నాడు. పక్కవాడికి నెత్తురు కారుతుంటే ఇదా నీ ఏడుపు అని ఎవరైనా నిలదీయొచ్చు. కడుపుమంట మంచీచెడ్డా చూసుకుని రాదు. వచ్చేసింది, అంతే.

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. మామగారు ఈ ఆఫీసులోనే ఉత్తరాలు పంచి పంచి రిటైరయ్యాడు. కూతుళ్ళిద్దర్నీ ఈ ఆఫీసు కుర్రాళ్ళకే ఇచ్చాడు. అప్పట్నుంచీ హాలు మొత్తం వాళ్ళ పేర్లు మరిచిపోయి ఒకణ్ణి పెద్దల్లుడనీ, ఇంకొకణ్ణి చిన్నల్లుడనీ పిలవసాగింది.

మామగారు దిగిపోయాక ఆయన జాగాలో ఎవర్నీ వెయ్యలేదు. ఆ తర్వాత దిగిపోయినవాళ్ళ జాగాల్లోనూ వెయ్యలేదు. మనిషి లేకపోయినంత మాత్రాన ఆ వీధులకు ఉత్తరాలు రావడం మానవు గదా! అలా మనిషి లేని బీటులోని వీధుల ఉత్తరాలన్నీ కట్ట కట్టి రోజూ పొద్దున్నే పోస్టుమాస్టరు తన చేత్తో ఎవరో ఒకరి బల్ల మీద పడేస్తాడు. దానికి పోస్టుమేన్లు పెట్టుకున్న పేరు అనాథ కట్ట. అది ఎవరి బల్ల మీద పడితే వాడికి ఆ రోజు ఓటీ, అంటే ఓవర్‌టైం. వద్దన్నవాడి బల్ల వైపు అది మళ్ళీ రాదు. బక్కాయన జ్వరంతో మెట్లెక్కింది అందుకే.

జీతాలు ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉన్నాయి. ఇంటద్దె, స్కూలు ఫీజు, మందుల షాపు మాత్రం ఉన్నచోట లేవు. అందుకని పోస్టుమాస్టరు బూట్ల చప్పుడు వినబడితే చాలు, ప్రతివాడూ తలొంచుకుని ఉత్తరాలు సర్దుతున్నట్టు నటిస్తాడు. చెవులు మాత్రం ఆ బూట్ల వెంటే తిరుగుతాయి. చప్పుడు తన బల్ల దాటి పోయిందంటే, అది ఎవరి దగ్గర ఆగిందో చూసి, వాడి మీద రోజంతా పళ్ళు నూరుతాడు.

మామగారి బీటు కట్ట మొదట్నుంచీ చిన్నల్లుడికే పడుతోంది. వరసలో పెద్దవాణ్ణి నేనుండగా మామగారి వీధులు వాడికెలా పోతాయి అన్నది పెద్దల్లుడి బాధ. ఇప్పుడు బక్కాయన మోసే కట్ట కూడా వాడికే.

ఇంట్లో భార్య ఆ మంట మీద ఇంకాస్త కిరోసిన్ పోసింది.

"మా చెల్లి వాళ్ళు ఫ్రిజ్ కొన్నారండీ."

"నేనడిగానా?"

"అడక్కపోయినా చెప్తాను. రెండు తలుపులది."

"మన ఇంటికీ ఉంది గదా తలుపు."

"ఉంది ఒకటి. అదీ సరిగ్గా పడి చావదు."

చూడకపోతే నిద్ర పట్టేలా లేదు. చూస్తే అసలే పట్టదని తెలుసు. అయినా మర్నాడు సాయంత్రం తోడల్లుడి ఇంటికి పోయాడు.

చిన్నల్లుడు అప్పుడే వచ్చినట్టున్నాడు. గోడకు జారగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒక కాలికి బూటు అలాగే ఉంది. మరదలు రెండో కాలి మేజోడు తీస్తోంది. అది బొబ్బలకు అంటుకుపోయి రాకపోతే నీళ్ళు చల్లి మెల్లగా లాగుతోంది. ముందుగదిలో మెరుస్తూ నిలబడి ఉన్న ఫ్రిజ్‌ను పెద్దల్లుడు తెరిచి చూశాడు. రెండు తలుపులూ తెరిచాడు. లోపల నీళ్ళ సీసాలు తప్ప ఏమీ లేవు.

"అందులో పెట్టడానికి ఏదైనా కొనాలంటే ముందు వాయిదాలు తీరాలి బావగారూ," అంది మరదలు నవ్వుతూ. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

చిన్నల్లుడు ఉలిక్కిపడి లేచాడు. "ఎప్పుడొచ్చావన్నయ్యా?"

"ఇప్పుడే. బాగా సంపాదిస్తున్నావంట."

ఆ మాటలో ముల్లు ఉందని చిన్నల్లుడికి తెలుసు. పట్టించుకోలేదు. "ఇందాక నేను గుమ్మంలోకి రాగానే మా వాడేం చేశాడో తెలుసా? లోపలికి పరిగెత్తి, 'అమ్మా, పోస్టొచ్చింది' అని వాళ్ళమ్మను పిలిచాడు. నాన్నొచ్చాడనలేదు. వాడు లేవకముందే పోతాను. వచ్చాక ఇదిగో, ఇలా పడుంటాను. వాడికి నేనెవరో ఎట్లా తెలుస్తుంది?" మిగిలిన బూటు విప్పి పక్కన పెట్టాడు. "నిజం చెప్పనా? నువ్వంటే నాకు కుళ్ళన్నయ్యా. నీ కూతురు నీ మెడ దిగదు."

తనను చూసి కుళ్ళుకునేవాడు కూడా ఒకడున్నాడంటే, పెద్దల్లుడికి సిగ్గు వేయాల్సింది పోయి ముందు కాస్త గొప్పగా అనిపించింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ గొప్ప నిలిచింది. ఆ తర్వాత బొబ్బలకు అంటుకున్న మేజోడు గుర్తొచ్చింది. అది గుర్తొచ్చినా, రెండు తలుపుల ఫ్రిజ్ మరుపుకు రాలేదు. మనిషి అంత సులువుగా మారడు.

ఆ వారంలోనే స్టాంపుల అక్క మీటింగు పెట్టింది. కౌంటర్లో స్టాంపులు అమ్మే ఆవిడే యూనియన్ కార్యదర్శి. గొంతెత్తిందంటే వీధి చివరిదాకా వినబడుతుంది. మెయిల్ వ్యాన్లు ఆగే పెరట్లో, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నచోటే అందరూ గుమిగూడారు. తలకు కట్టుతో బక్కాయన కూడా వచ్చాడు. ఆసుపత్రి ఖర్చు అడిగితే, బక్కాయన పడింది ఓవర్‌టైంలో కాబట్టి అది డ్యూటీ కిందికి రాదని పైనుంచి జవాబొచ్చిందట.

"ఖాళీ జాగాల్లో మనుషుల్ని వెయ్యాలి. జీతం పెంచాలి. ఓటీ ఇష్టమున్నవాడే చేయాలి, దానికి రెట్టింపు ఇవ్వాలి. కాదంటే సమ్మె. ఏమంటారు?" అంది అక్క.

"సమ్మె అంటే జీతం ఆగుతుంది," అన్నాడొకడు. "నెల మధ్యలో ఎవరిస్తారు నాకు?"

"మనుషుల్ని వేస్తే ఓటీ పోతుంది. ఓటీ పోతే మా ఇల్లెలా గడవాలక్కా?" అన్నాడింకొకడు.

"మీకు జీతాలు చాలట్లేదు. నాకు ఉద్యోగమే లేదు," అన్నాడు కాంట్రాక్టు మీద వచ్చే వ్యాను డ్రైవరు. "మీతో నిలబడితే రేపు నా తాళంచెవి ఇంకొకడికి ఇస్తారు. అప్పుడు మీరొస్తారా నా కోసం?"

అప్పుడే పెద్దల్లుడు లేచాడు. నాలుగు మంచి మాటలు చెప్పాలనే లేచాడు గానీ, ఎదురుగా తోడల్లుడు కనబడేసరికి నోరు ఇంకో దారి పట్టింది.

"ముందు కట్టలు మింగేవాళ్ళ సంగతి తేల్చండి! రోజూ ఒకడికే రెండు కట్టలు. వాడొస్తాడా సమ్మెకు? మనం రోడ్డున పడితే వాడు మన కట్టలు కూడా మోసుకుని ఇంకో ఫ్రిజ్ కొంటాడు!"

చిన్నల్లుడు క్యారేజీ పక్కన పెట్టి లేచాడు. "నోరు జారకన్నయ్యా. నీ బల్ల మీద పడితే నువ్వొదులుతావా?"

"పడితే గదా!"

"అదీ నీ ఏడుపు!"

ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. బక్కాయన మధ్యలో దూరి, "నా తల ఒకసారి పగిలింది, చాలు," అంటే విడిపోయారు.

"అయిందా?" అంది అక్క. "రోజూ పొద్దున్నే పోస్టుమాస్టరుకు కావలసింది ఇదే. జీతం పెంచాలంటే అందరికీ పెంచాలి. కట్టయితే ఒకడి బల్ల మీద వేస్తే చాలు. మిగిలినవాళ్ళు ఆయన్ని అడగడం మానేసి వాడి మీద పడి ఏడుస్తారు. వాడేమో అది ఎక్కడ పోతుందోనని జ్వరమొచ్చినా మోస్తాడు. పోయిన మనుషుల పని ఉన్న మనుషుల చేత చేయించుకుంటూ, మనకేదో మేలు చేసినట్టు నిలబడతాడు. కుళ్ళుకోండి, నేనొద్దనను. కానీ కింద కూర్చున్నవాడి మీద ఎందుకు? ఆ పై గదిలో చల్లగా కూర్చున్నవాళ్ళ మీద కుళ్ళుకోండి!"

మళ్ళీ వాదన మొదలైంది. గొంతులు లేచాయి, తగ్గాయి. చివరికి ఒక మాట మీదకొచ్చారు. సోమవారం నుంచి అనాథ కట్టను ఎవరూ ముట్టుకోకూడదు. దానికి ఏ ఒక్కరి మీద చెయ్యి వేసినా అందరూ సంచులు దించెయ్యాలి. డ్రైవరు జోలికి వచ్చినా సరే, దించెయ్యాల్సిందే. చేతులెత్తమంటే మొదట లేచిన చెయ్యి చిన్నల్లుడిది. అది చూసి పెద్దల్లుడు గబగబా తన చెయ్యి లేపాడు, తోడల్లుడి కంటే ఒక జానెడు ఎత్తుగా.

శనివారం పోస్టుమాస్టరు పెద్దల్లుణ్ణి గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదలు.

"నీకు అన్యాయం జరిగిందయ్యా. పెద్దవాడివి. మీ మామగారి బీటు నీకే ఇవ్వాల్సింది. నీ తోడల్లుడు ఆ అక్క వెంట తిరుగుతున్నాడని తెలిసింది. సోమవారం నుంచి రెండు కట్టలూ నీ బల్ల మీదే పడతాయి. నువ్వు తీసుకుంటే చాలు, మిగిలినవాళ్ళు దారికొస్తారు."

పెద్దల్లుడు ఔననలేదు, కాదనలేదు. దండం పెట్టి బయటికొచ్చాడు. ఇంటికెళ్ళి ఆ మాట భార్యకు కూడా చెప్పలేదు. ఆదివారమంతా కూతుర్ని మెడ మీద ఎక్కించుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింటి గోడ దగ్గర ఆగి, ఇక్కడ పెడితే సరిపోతుంది ఫ్రిజ్, అనుకున్నాడు. మెడ మీది పిల్ల జుట్టు లాగి, "నాన్నా, నడువ్!" అంది.

సోమవారం హాల్లో అందరూ తలెత్తే ఉన్నారు. బూట్ల చప్పుడు వచ్చింది. చిన్నల్లుడి బల్ల దాటింది. పెద్దల్లుడి బల్ల దగ్గర ఆగింది. రెండు కట్టలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఎన్నాళ్ళ కోరిక! పైకట్టలో మామగారి వీధులు. ఆ అడ్రసులన్నీ అతనికి కంఠతా వచ్చు. చెయ్యి దానంతటదే పోయి పురికొస ముడి మీద ఆగింది. హాలంతా ఆ చేతినే చూస్తోంది. చిన్నల్లుడు చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నువ్వు తీసుకుంటావని నాకు తెలుసులే, అన్నట్టుంది. ఆ చూపే పెద్దల్లుడికి ఒళ్ళు మండించింది. వీడా నన్ను తక్కువగా చూసేది?

రెండు కట్టలూ ఎత్తి పక్క బల్ల మీద పెట్టాడు.

పక్కవాడు తన పక్కవాడికి అందించాడు. అతను తన వెనకవాడికి. కట్టలు చేతులు మారుతూ హాలంతా తిరిగాయి. చిన్నల్లుడి దగ్గరికొచ్చాయి, అక్కడా ఆగలేదు. బక్కాయన వాటిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకుని పోస్టుమాస్టరు వెంటే ఆయన గదిలోకి మోసుకుపోయి, బల్ల మీద మెల్లగా దించాడు.

"తమరే పంచండి. మెట్ల దగ్గర జాగ్రత్త."

హాలు పగలబడి నవ్వింది. పోస్టుమాస్టరు ముఖం ఎర్రబడింది. కాగితం లాక్కుని రాస్తూ అరిచాడు. "చిన్నల్లుడు సస్పెండ్! ఆ స్టాంపులావిడ సస్పెండ్!"

సంచులు ధబధబా నేల మీద పడ్డాయి. చిన్నల్లుణ్ణి నలుగురు భుజాలకెత్తుకున్నారు. "మనవాడు! శభాష్!" అంటూ కేకలు. ఎప్పుడూ నిద్రమొహంతో ఉండేవాడు పైనుంచి పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

పెద్దల్లుడికి భగ్గుమంది. పోస్టుమాస్టరు గదిలోకి దూసుకుపోయాడు.

"అయ్యా, ఇదేం న్యాయం? కట్టలు పడింది నా బల్ల మీద! ముందు కాదన్నది నేను! వాడి పేరు రాస్తారేంటి?"

"నీకు మంచి అవకాశం ఇస్తున్నాను. నోరు మూసుకుని పో."

"మీ అవకాశాలు ఎప్పుడూ ఒకడికే! ఈ ఒక్కటన్నా అందరికీ పంచండి. రాయండి నా పేరు. వాడి పేరుకు పైన రాయండి!"

నవ్వబోయినవాళ్ళు నవ్వలేకపోయారు. అతను కాగితం మీద తోడల్లుడి పేరుకు పైనున్న ఖాళీని వేలితో చూపిస్తున్నాడు. బక్కాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "నాదీ రాయండి. మోసుకొచ్చింది నేను." అతని వెనక ఇంకొకడు. అతని వెనక వ్యాను తాళంచెవి బల్ల మీద పెట్టి డ్రైవరు. స్టాంపుల కోసం వచ్చే జనం నిలబడేంత పొడుగు వరస గది నుంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి సాగింది. పోస్టుమాస్టరు కలం పక్కన పడేసి ఫోను అందుకున్నాడు.

పోలీసు వ్యాను వచ్చేసరికి వాళ్ళంతా గేటు ముందు కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరు చిన్నల్లుణ్ణి చూపించి ఎక్కించమన్నాడు. చిన్నల్లుడు వ్యాను మెట్టు మీద కాలు పెట్టబోయాడు. పెద్దల్లుడు మోచేత్తో అడ్డుకున్నాడు.

"ఆగరా! వరసలో పెద్దవాణ్ణి. ముందు నేనెక్కాలి."

"నీ కుళ్ళు పోదు గదన్నయ్యా!"

"పోదు. జరుగు."

ఎక్కేశాడు. ఎక్కి, తోడల్లుడికి చెయ్యి అందించి పైకి లాగాడు. వాళ్ళ వెనక బక్కాయన, డ్రైవరు, ఆ వెనక హాలు మొత్తం ఒకర్నొకరు తోసుకుంటూ ఎగబడ్డారు. తలుపు పడలేదు. కింద నిలబడి మనుషుల్ని ఎక్కిస్తున్న స్టాంపుల అక్క ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, ఈ వ్యాను చాలదు, ఇంకోటి తెప్పించమని చెప్పింది.