పరిధిలోకి రాని పొగ

కెనడాలోని హామిల్టన్‌లో, ఎవరి ఫ్లాటు వాళ్లకు సొంతమైన ఒక పన్నెండంతస్తుల కాండో భవనంలో నెవెన్కా, స్తీపె దంపతులు పందొమ్మిదేళ్లుగా కాపురముంటున్నారు. స్తీపె ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ముప్ఫైయేళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని బయటపడ్డాడు. ఇప్పుడు తిన్నా పడుకున్నా ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండాల్సిందే. శరదృతువులో కింది ఫ్లాట్‌లోకి గోర్డన్ అనే పెద్దాయన దిగాడు. పొద్దస్తమానం సిగరెట్లే. గోడలో పైపులు వెళ్లే సందులోంచి ఆ పొగ నేరుగా వీళ్ల వంటింట్లోకి వచ్చేది.

నెవెన్కా ముందు ఆయన్నే వెళ్లి అడిగింది.

"నా ఇంట్లో నేను కాల్చుకుంటున్నానమ్మా. గోడలో కన్నం నేను పెట్టలేదు, బిల్డింగు వాళ్లనడగండి," అన్నాడాయన.

బిల్డింగు మేనేజరు లొరెట్టాని అడిగితే, "ఆయనకి ఉత్తరం రాశాం కదండీ. గోడ పగలగొట్టి సందు మూయాలంటే ఫ్లాట్ల యజమానుల బోర్డు ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోవట్లేదు," అంది.

ఇలాంటి ఫ్లాట్ల తగాదాలు తేల్చే కాండో ట్రిబ్యునల్‌కు నెవెన్కా ఫిర్యాదు పెట్టింది. స్కూలు క్యాంటీన్లో వంట చేసి రిటైరైన మనిషి, లైబ్రరీలో కూర్చుని ఒంటివేలితో టైపు చేసింది. చేతిలో గట్టి ఆధారం ఉండాలని డాక్టరు చేత ఉత్తరం కూడా రాయించుకుంది. 'ఈ పొగ రోగి ఊపిరితిత్తులను మరింత దెబ్బతీస్తోంది' అని రాశాడాయన.

"ఈ ఒక్క కాగితం చాలు, చూస్తూ ఉండు," అంది భర్తతో.

"నా రోగం ఇన్నాళ్లకి ఓ పనికొచ్చిందన్నమాట," అన్నాడు స్తీపె ఆయాసపడుతూ.

విచారణ ఫోన్లో జరిగింది. ట్రిబ్యునల్ సభ్యురాలు మెత్తగానే మాట్లాడింది.

"పొగతో ఇబ్బందిగా ఉందంటే నేను వినొచ్చండి. మనిషికి హాని జరుగుతోందంటే మాత్రం నా పరిధిలోకి రాదు. చట్టం దాన్ని పై కోర్టుకిచ్చింది. మీ డాక్టరు హాని అనే రాశారు."

నెవెన్కాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. "అంటే, కంపు కొడుతోందని మాత్రమే చెప్పుంటే వినేవారా?"

"వినేదాన్ని."

"మా ఆయన చచ్చిపోతున్నాడని చెప్పాను గనక వినరా?"

"నన్ను క్షమించండి," అందామె.

పై కోర్టు సంగతి ఒక లాయరును అడిగితే, ఆయన పెదవి విరిచాడు. "రెండేళ్లు పడుతుంది. అక్కడికెళ్తే బిల్డింగు వాళ్లు ఇది ఉత్త పొగ గొడవ, ట్రిబ్యునల్‌కే పంపండంటారు."

రెండేళ్లని వినగానే నెవెన్కా లేచి కోటు తొడుక్కుంది.

మళ్లీ ఫిర్యాదు రాసింది. ఈసారి డాక్టరు ఊసే ఎత్తలేదు. స్తీపె పేరు కూడా రాయలేదు. తనకు వాసన పడటం లేదని మాత్రమే రాసింది. రాస్తున్నంతసేపూ దొంగసాక్ష్యం చెబుతున్నట్టే అనిపించింది. భవనం తరఫు లాయరు తన జవాబుకు, డాక్టరు రాసిన ఆ పాత ఉత్తరాన్ని జతచేశాడు. మూడు వారాల్లో మళ్లీ అదే తీర్పు వచ్చింది: పరిధిలోకి రాదని.

మార్చిలో స్తీపెను ఆసుపత్రిలో చేర్చారు. పొగ వచ్చే ఆ ఇంటికి తిరిగి పంపడం కుదరదని డాక్టర్లు అక్కణ్నుంచే సంరక్షణ గృహానికి మార్చారు. నెవెన్కా రోజూ రెండు బస్సులు మారి వెళుతోంది.

ఒకరోజు సూపు తాగిస్తుంటే స్తీపె అడిగాడు. "ఆయనింకా కాలుస్తున్నాడా?"

"కాలుస్తున్నాడు."

"మళ్లీ ఓ ఫిర్యాదు పడెయ్యి. నేనింట్లో లేనుగా, ఇప్పుడెవరికీ హాని లేదు. ఉత్త కంపే. ఈసారి వింటారు."

ఆమెకు నవ్వు రాలేదు. "ఎవరి కోసం పెట్టమంటావు?" అంది.

స్తీపె సూపు కోసం నోరు తెరిచాడు. ఆమె అతని గడ్డం తుడిచి, గిన్నెలో మిగిలిన సూపు కూడా తాగించింది.