పల్లంలో మేకులు

వాన పడితే మా ఇంట్లో నాకు వంటకంటే పెద్ద పని గిన్నెలు పెట్టడం. కప్పు కారే చోటల్లా ఒకటి. పాల గిన్నె, బకెట్టు, మూత పోయిన డబ్బా, ఏది దొరికితే అది. చుక్క కింద పడిందో నా వీపు పగిలేది. ఇల్లాలికి ఒళ్లు వంగితే ఇల్లు కారుతుందా అనేది మా అత్త, గోడవైపు తిరిగి పడుకునే. పోయేదాకా అదే మాట. మా ఆయనకి మాటలు తక్కువ, చెయ్యి ఎక్కువ. మొన్నటి వానకి ఒక గిన్నె పెట్టడం మర్చిపోయానని మూతి మీద గుద్దితే నా పన్నొకటి ఊడి పక్కనే ఉన్న పాల గిన్నెలో పడింది. "ఇప్పుడు సరిగ్గా పట్టావే" అని నవ్వాడు.

మర్నాటినుంచి ఎదురింటి కప్పు వేస్తున్న రేకుల మేస్త్రీని చూడ్డం మొదలుపెట్టాను. బట్టలారేస్తూ, చీపురు పట్టుకుని, దొంగచూపులు చూస్తూ నేర్చుకున్నాను. మేకు రేకు మడతల్లో ఎత్తుగా ఉండే గట్టు మీద కొట్టాలి. పల్లంలో కొడితే నీళ్లు ఆ చిల్లిలోంచే దిగుతాయి. కాలు మాత్రం మేకుల వరస మీదే వెయ్యాలి, కింద అడ్డకర్ర ఉండేది అక్కడే. ఇంతే విద్య.

ఈ ఉదయం ఎండ కాసింది. ఆయన పనికి, పాప బడికి పోగానే నిచ్చెన వేసి ఎక్కాను. చూరు వెంబడి నీళ్లు పోయే కాలువ నిండా కుళ్లిన ఆకులు, ఒక చచ్చిన పిట్ట. చేత్తోనే తోడి పారేశాను. రేకుల మీదకి పాకి చూశాను. మేకులన్నీ పల్లంలోనే ఉన్నాయి. పెళ్లైన కొత్తలో ఈ కప్పు వేసింది మా ఆయనే. మేస్త్రీ దేనికి, నేను లేనా అని వీధంతా చెప్పుకుని మరీ వేశాడు. నేను తిన్న ప్రతి దెబ్బకీ ఆ రోజే చిల్లి కొట్టిపెట్టాడన్నమాట.

ఒక్కో మేకూ పీకి, చిల్లికి తారు పూసి, గట్టు మీద కొత్తది దిగ్గొట్టాను. సుత్తి పడుతున్నకొద్దీ దవడ సలుపు తగ్గింది. సగం కప్పు అయ్యేసరికి ఆయనొచ్చాడు. దిగమన్నాడు. దిగలేదు.

"నేను కొట్టిన మేకులు పీకేంతదానివయ్యావా?" అని బెల్టు పిడికిలికి చుట్టుకుని నిచ్చెన ఎక్కాడు.

"మేకుల వరస మీద కాలెయ్యండి. మధ్యలో రేకు తుప్పు తినేసింది" అన్నాను.

"నువ్వు చెప్తే నేను వినాలా?"

నేను చెప్పకపోతే వరస మీదే వేసేవాడేమో. మధ్యలో వేశాడు.

రేకు బట్టలా చిరిగింది. చంకలదాకా దిగిపోయి ఇరుక్కున్నాడు. కదిలినప్పుడల్లా అంచులు లోపలికి కోస్తున్నాయి.

"చెయ్యివ్వవే" అన్నాడు.

ఆ చెయ్యి చూశాను. బెల్టు ఇంకా చుట్టుకునే ఉంది.

నిచ్చెన దిగి ఇంట్లోకి పోయాను. నడిగదిలో పైనుంచి రెండు కాళ్లు వేలాడుతూ గాలిని తంతున్నాయి. తన్నడానికి కింద నేను లేను. మడమ మీంచి నెత్తురు టప్పు టప్పుమని నేల మీద పడుతోంది. ఎదురింటి మేస్త్రీకి ఒక మాట చెప్తే దించుతాడు. నేను బడి దగ్గర పాపని తీసుకుని, అటునుంచి అటే పోవాలి.

గడప దాటినదాన్ని మళ్లీ లోపలికొచ్చాను. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? నా పన్ను రాలిన పాల గిన్నె తెచ్చి ఆ కాళ్ల కింద పెట్టాను.

మా ఇంట్లో చుక్క కింద పడకూడదు.