కంటి మీద ఇంకు చుక్క

సల్మా కంట్లో ఆ మెరుపును నౌషీన్ మొదటిసారి చూసింది దీపాలు పెట్టే వేళ. వరండాలో ఇంకా లైటు వెయ్యలేదు. పిల్ల అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని తల పక్కకు తిప్పింది. ఎడమ కంటి నల్లగుడ్డులో తెల్లగా ఏదో తళుక్కుమంది, చీకట్లో పిల్లి కన్ను మెరిసినట్టు. నౌషీన్ గిన్నె కింద పెట్టి, పిల్ల గడ్డం పట్టుకుని మళ్ళీ తిప్పింది. ఏమీ లేదు. కాటుక చెదిరిన మామూలు కన్ను.

"అత్తమ్మా, ఒక్కసారి ఇటు రండి. పిల్ల కన్ను చూడండి."

జైనబ్ బీ తమలపాకులు పక్కన పెట్టి వచ్చింది. వంగి చూసింది. "ఏముందే? బంగారం లాంటి కన్ను. నువ్విట్టా గుచ్చి గుచ్చి చూస్తే నీ దిష్టే తగిలిద్ది దానికి."

ఆ ఇంట్లో నౌషీన్ మాటకు విలువ లేక కాదు, ఆమె భయాలకే విలువ లేదు. పిల్ల తుమ్మితే భయం, ఎక్కువసేపు పడుకుంటే భయం, పక్కింటి కోడి గడప దాకా వస్తే పొడుస్తుందని భయం. "మా ఇంట్లో వార్తలు పెట్టక్కర్లేదు, ప్రమాదాలన్నీ మా ఆవిడే చదివిద్ది" అని జాకీర్ ఆటోస్టాండులో చెప్పి నవ్విస్తాడు. రేపల్లె నుంచి భట్టిప్రోలు దాకా ఆటో తోలతాడతను. మంచివాడే. ఆ రాత్రి ఆమె చెబుతుంటే సగం విని నిద్రపోయాడు.

మర్నాడు వీధి చివర ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఎండ పడే గుమ్మంలో నిలబెట్టి టార్చి వేసి చూశాడాయన. "బానే ఉందమ్మా. అనుమానమైతే తెనాలిలో కంటి డాక్టరుకు చూపించండి" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, జాకీర్ మొదటి సగమే పట్టుకున్నాడు. "బానే ఉందన్నాడుగా? మళ్ళీ తెనాలి ఎందుకు?"

మెరుపు మాత్రం మళ్ళీ కనపడింది. తలుపు చాటున ఒకసారి, మంచం కింద దాక్కున్నప్పుడు ఒకసారి. ఎవర్నైనా పిలిచేలోపు పోయేది. నౌషీన్‌కి ఇల్లు ఊడుస్తున్నా అదే ధ్యాస, పులుసులో ఉప్పు వేశానా లేదా అన్న మతి కూడా లేదు. తన బుర్రలోనే ఏదో తేడా వచ్చిందేమోనని కూడా ఒకపక్క గుబులు.

అప్పుడు గుర్తొచ్చింది కెమెరా.

అది ఆమె అన్న కాలేషా తెచ్చిచ్చింది. నిజాంపట్నంలో బోట్ల మీద పనిచేస్తాడతను. రామాపురం బీచిలో ఫోటోలు తీసేవాడొకడు పాత కెమెరా అమ్ముతుంటే, చెల్లెలికి సరదా అని కొన్నాడు. ఆ సరదా ఆమెకి బాపట్ల బడిలో తొమ్మిదో తరగతి మధ్యలో మాన్పించినప్పటి నుంచీ ఉంది. ఆ ఏడు బడి ఆఖరి రోజున తీసిన గుంపు ఫోటోలో తను లేదు. అందుకో ఏమో, చేతికి కెమెరా వచ్చాక ఎవరూ ఫోటో తియ్యమని అడగనివన్నీ తీసేది. ఎండుచేపల మీద వాలే కాకులు, కాలవలో సైకిలు కడిగే మనిషి వీపు, కిటికీ ఊచల నీడ. రీలు కొనడానికి నెలలు ఆగి, ఒక్కో బొమ్మా ఆచితూచి నొక్కేది.

కెమెరాకి భయాలుండవు కదా అనుకుంది. అది చూసిందంటే ఎవరూ కాదనలేరు.

సాయంత్రం తలుపులు మూసి, పిల్లని పీట మీద కూర్చోబెట్టి ఫ్లాషు కొట్టింది. సల్మా ఉలిక్కిపడి, ఆపైన కిలకిలా నవ్వింది. రెండోసారి నొక్కబోతుంటే జైనబ్ బీ గబగబా వచ్చి అరచెయ్యి పిల్ల మొహానికి అడ్డం పెట్టింది.

"పసిదాని మొహాన మెరుపులు కొడతావా! పుట్టెంటికలు తీసి ఎన్నాళ్ళయింది? దిష్టి చుక్కన్నా లేకుండా!"

"చుక్క పెడతాలే అత్తమ్మా. ఒక్కటి తియ్యనివ్వండి."

అత్తగారే కాటుక తెచ్చి ఎడమ బుగ్గన పెద్ద చుక్క పెట్టి, గొణుక్కుంటూ వెళ్ళింది. నౌషీన్ వరసగా ఇంకొన్ని తీసింది.

ఇక రీలు కడిగించాలి. రీలేమో సగం కూడా కాలేదు. "సగం రీలు ఎవరన్నా కడిగిస్తారా? మిగిలింది పారేసినట్టేగా" అన్నాడు జాకీర్. నిజమే, ఆ ఊళ్ళో ఎవరూ అట్లా చెయ్యరు. పండగకి మొదలైన రీలు పెళ్ళి దాకా కెమెరాలోనే ఉంటుంది. నౌషీన్‌కి అంత ఓపిక లేదు. కనపడిందల్లా తీసింది. ఆటో, గుమ్మం, చెప్పులు, బకెట్టు, పక్కింటి కోడి.

"కోడికి ఫోటో ఏంటే, పెళ్ళిచూపులకా?" అంది జైనబ్ బీ.

"అవునత్తమ్మా, సంబంధం వచ్చింది దానికి" అంది నౌషీన్. నవ్వు మాత్రం రాలేదు.

తెనాలిలో స్టేషను దగ్గర సుందరయ్య స్టూడియో. రీలు ఇచ్చొచ్చిన రోజు నుంచీ ఆమె కాలు నిలవలేదు. చెప్పిన రోజున సల్మాని అత్తగారికి అప్పగించి పొద్దున్నే రైలెక్కింది. సుందరయ్య కవరు చేతిలో పెట్టి, "బాగా వచ్చాయమ్మా. పాపవైతే ముత్యాలే. కోడి ఎందుకో తెలీదుగానీ" అన్నాడు.

అక్కడే నిలబడి చూసింది. పీట మీద సల్మా, నవ్వుతున్న సల్మా, వేలు నోట్లో పెట్టుకున్న సల్మా. రెండు కళ్ళూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. అన్నిట్లోనూ అంతే.

తిరుగు రైలు కదిలాక ఆమెకి ఏడుపొచ్చింది. సంతోషమే, కాకపోతే సిగ్గు కూడా కలిసింది. అందరూ చెప్పిందే నిజం, నాకే పిచ్చి అనుకుంది. ఇంటికెళ్ళి అత్తమ్మ కాళ్ళ మీద పడి నవ్వించాలనుకుంది. ఫోటోలు కవర్లో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. చేతులు ఊరికే ఉండవు కదా, నెగెటివు ముక్క బయటికి లాగి కిటికీ వెలుతురుకి పట్టింది.

నెగెటివులో అంతా తిరగబడి ఉంటుంది. నల్లటి జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా. బుగ్గ మీద దిష్టి చుక్క లేత మచ్చలా కనపడుతోంది. చుక్క లేని వైపు కన్ను లేతగా ఉంది. చుక్క ఉన్న వైపు కంట్లో ఆవగింజంత నలుపు.

నెగెటివులో నలుపంటే, అసలుది తెలుపు.

పక్క బొమ్మ చూసింది. అందులోనూ ఆవగింజ. ఆ పక్కదీ అంతే. ఫోటో తీసి పక్కన పెట్టుకుంది. ఫోటోలో ఆ కన్ను నల్లగా, హాయిగా నవ్వుతోంది. రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది.

వేమూరులో రైలు ఆగగానే దిగిపోయింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, "రేపల్లె ఇంకా రాలేదమ్మాయ్!" అని కేకేసినా వినిపించుకోలేదు. బస్సు పట్టుకుని మళ్ళీ తెనాలి చేరేసరికి సుందరయ్య అన్నం తింటున్నాడు.

"బాబాయ్, ఈ ఫోటోలకి మీరేమన్నా చేశారా?"

"ఏం చేస్తానమ్మా?"

"కళ్ళకి."

ఆయన నవ్వాడు. "ఓ, అదా. ఫ్లాషు ఎదురుగా కొడితే కళ్ళు ఎర్రగా పడతాయి. జనం దెయ్యంలా ఉన్నారని నన్ను తిడతారు. అందుకే అందరికీ సన్న కుంచెతో నల్ల చుక్క పెట్టేస్తాను. పాపకి ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా పడింది. అదేదో మెరుపు తగిలిందనుకుని..."

"తుడవండి బాబాయ్."

"ఫోటో పాడైపోద్ది."

"పోనివ్వండి. తుడవండి."

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, దూది తడిపి మెల్లగా అద్దాడు. కుడి కంటి ఇంకు పోయింది, ఎర్రగా తేలింది. ఎడమ కంటి ఇంకు పోయింది. సల్మా నవ్వుతూనే ఉంది, ఆ కంట్లో మాత్రం కొబ్బరి ముక్క ఇరుక్కున్నట్టు తెల్లటి వెలుగు. సుందరయ్య ఇంకో ఫోటో తుడిచాడు. అదే తెలుపు. మూడోది తుడవడానికి ఆయనకి చేతులు రాలేదు.

"అందరికీ పెట్టినట్టే పెట్టానమ్మా" అన్నాడు చివరికి. "చూసేవాళ్ళకి బాగుంటుందనే."

నౌషీన్ తడి ఆరని ఫోటోలు కొంగులో పరుచుకుని ఇంటికొచ్చింది.

జాకీర్ వాటిని చూసి జోకు వెయ్యలేదు. ఆటో తాళం చెవులు గోడకి తగిలించి, కూర్చుని, మళ్ళీ చూశాడు. "ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నావు" అన్నాడు. జైనబ్ బీ నిద్రపోతున్న మనవరాలి పక్కన చేరి, రెప్ప ఎత్తి చూడబోయి, భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

తెల్లారి ముగ్గురూ సల్మాని తెనాలి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గది చీకటి చేసి, మందు చుక్కలు వేసి, చాలాసేపు చూసింది. కంటి లోపల గడ్డ ఉందంది. హైదరాబాదు పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళమంది. కన్ను తియ్యాల్సి రావచ్చంది. "పిల్ల మీకు దక్కాలంటే ఆలస్యం చెయ్యకూడదమ్మా. మీరు ఫోటో తెచ్చి మంచి పని చేశారు." నౌషీన్‌కి ఆ మెచ్చుకోలు చెవికెక్కలేదు. తియ్యాల్సి రావచ్చు, అన్నచోటే ఆమె ఆగిపోయింది.

సాయంత్రం రేపల్లె స్టేషన్లో సికింద్రాబాదు రైలు ప్లాట్‌ఫారం మీదికి రావడానికి ఇంకా టైముంది. జాకీర్ టిక్కెట్ల కోసం వెళ్ళాడు. నౌషీన్ బెంచీ మీద కూర్చుని సంచీ విప్పింది, కట్టింది, పాలసీసా మూత చూసింది, మళ్ళీ సంచీ విప్పింది. బట్టల అడుగున కెమెరా తగిలింది. తను పెట్టలేదు.

"నేనే పెట్టాను" అంది జైనబ్ బీ. "మనం తెనాలి నుంచి వచ్చాక కాలేషా కొత్త రీలు వేసిచ్చి పోయాడు."

ఆవిడ సల్మాని ఒళ్ళో నిలబెట్టుకుని, పడమటి వైపుకు తిరిగింది. ఎండ ఏటవాలుగా పిల్ల మొహాన పడింది. బుగ్గ మీద దిష్టి చుక్క లేదు, ఆవిడే తుడిచేసింది. అరచెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ చేత్తోనే పిల్ల గడ్డం మెల్లగా పైకెత్తింది.

"రెండు కళ్ళూ పడేలా తియ్యవే" అంది.

నౌషీన్ కెమెరా కంటికి ఆనించుకుంది. సల్మా నవ్వింది. బొమ్మ కదిలిపోతుందేమోనని భయం. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి నొక్కింది. రీలు చక్రం తిప్పి, నమ్మకం చాలక మళ్ళీ నొక్కింది.