చీపురుపుల్లల కాళ్ళు

భీమరాజుగారు ఈకల రంగు చూసి కోడిపుంజు పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలరు. అందుకని సృష్టిలో ఈకలున్న ప్రతిదాని గురించీ తనకే తెలుసని ఆయన నమ్మకం.

కార్తీకమాసం. పట్టిసీమ దగ్గర ఆయన మామిడితోటలో, కోడిపిల్లల మీద కప్పిన వలలో ఓ చిన్న డేగ చిక్కుకుంది. రామతులసి రాజమండ్రిలో జువాలజీ లెక్చరర్. ఆదివారం పూట పిట్టల్ని చూడ్డానికి అటు వచ్చి, జనం మూగి ఉంటే ఆగింది.

"ఆషాఢం నుంచీ నా పిల్లల్ని ఎత్తుకుపోతున్న దొంగ ఇదేనండి మేడంగారూ. మెడ విరిచి గెడకి వేలాడదీస్తే, ఇంకో డేగ ఇటు తొంగిచూడదు," అన్నారు రాజుగారు.

రామతులసి వంగి చూసింది.

"ఇది ఊరి డేగ కాదండి. ఊరి డేగ గొంతు మీద నిలువునా నల్లగీత ఉంటుంది. దీనికి లేదు, కంటిపైన తెల్లగీత ఉంది చూడండి. ఇది చలికాలానికి హిమాలయాల నుంచి వచ్చే రకం. ఆషాఢంలో ఇది ఇక్కడ లేనేలేదండి."

"గీతలేంటండీ! బూడిదరంగు వీపు, పొట్ట మీద చారలు. దొంగదీ ఇదే రంగు. నాకా పాఠాలు?"

"మేడంగారు దాని ఆధార్ కార్డు కూడా చూసినట్టున్నారండి," అన్నాడు గణేష్‌బాబు. రాజుగారు ఏమన్నా నవ్వించడమే అతని ఉద్యోగం. అందరూ నవ్వారు.

ఒట్టి రంగు చూసి పక్షిని పోల్చేవాణ్ణి రామతులసి ఫస్టియర్‌లోనే ఫెయిల్ చేసేది. కానీ డేగ మెడ ఆయన చేతిలో ఉంది. కోపం దిగమింగుకుంది.

"సరేనండి, రంగు మీరన్నట్టే. పుంజుని కొనేటప్పుడు కాళ్ళు కూడా చూస్తారు కదండీ? దీనివీ చూడండి."

రాజుగారు ఓ కాలు లాగి చూశారు. పెన్సిలు కంటే సన్నంగా ఉంది. ఆయన మొహం చిట్లించారు.

"ఛీ! ఇవేం కాళ్ళు, చీపురుపుల్లలు! ఈ పీనుగు నా పిల్లల్ని ఎత్తుకుపోయిందంటే నలుగురిలో నాకే నామోషీ."

వలలోంచి తప్పించి గాల్లోకి విసిరేశారు. డేగ మామిడి మొదళ్ళ మధ్యనించి దూసుకుపోయింది.

గొంతూ, గీతలూ, హిమాలయాలూ ఏవీ దాన్ని కాపాడలేదు. ఈయనగారి నామోషీ కాపాడింది. రామతులసికి ప్రాణం కుదుటపడింది, ఒళ్ళూ మండింది.

"కాళ్ళు చూసి ఇట్టే తేల్చేశాను," అని జనానికి చెబుతున్నారు రాజుగారు. డేగని తీయడానికి ఎత్తిన వల ఇంకా తెరిచే ఉంది.

ఆయన నెత్తిమీది కొమ్మలో ఇంకో డేగ కూర్చుని కోడిపిల్లల కేసి చూస్తోంది. దాని గొంతు మీద నిలువునా నల్లగీత.

రామతులసి నోట్‌బుక్‌లో రెండు డేగల పేర్లూ రాసుకుంది. "వస్తానండి రాజుగారూ," అని బండి ఎక్కింది.