జమీలాకు ఒడుగులు

కరీమున్నీసా కన్న కొడుకులు ముగ్గురూ ఏడాది తిరక్కుండానే మట్టిలో కలిసిపోయారు. ఒకణ్ణి కలరా తీసుకుపోయింది, ఇద్దర్ని జ్వరం. మధ్యలో పుట్టిన ఆడపిల్ల హమీదా మాత్రం మట్టి తిని, మురుగులో ఆడి, గుండ్రాయిలా పెరిగింది. అందుకే నాలుగోసారి మగబిడ్డ పుట్టినప్పుడు అత్త షాహిదా పురిటిగదిలోనే తేల్చి చెప్పింది.

"మగపిల్లోడన్న మాట గడప దాటకూడదు. ప్రాణాలు తీసుకుపోయే దూత ఈ ఇంటికి మగపిల్లల కోసమే వస్తుండాడు. ఆడపిల్ల అనుకుంటే చూసి పోతాడు."

తండ్రి నూర్ మొహమ్మద్ బిడ్డ చెవిలో మహబూబ్ అని చెప్పాడు. ఆ పేరు చెవిలోనే ఉండిపోయింది. ముక్కు కుట్టించి, చేతులకు గాజులు తొడిగి, జమీలా అని పిలిచారు. నరసరావుపేట దూదేకుల వీధిలో ఈ గుట్టు ఎరగని కొంప లేదు. అయినా అందరూ "ఏమే జమీలా" అనే పిలిచేవాళ్లు. పరాయి బిడ్డ ప్రాణంతో పరాచికాలాడేంత పాపిష్టివాళ్లు అక్కడ లేరు.

జమీలా రెండు జడలతో పెరిగింది. నాయనమ్మ పక్కన కూర్చుని పత్తిలో గింజలు ఏరేది. మగవాళ్లు వస్తే ఓణీ కొంగు తల మీదికి లాక్కుని అక్క వెనక నక్కేది. ముల్లు గుచ్చుకున్నా, కోడిపెట్ట తరిమినా అమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చేది. ఇవన్నీ ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు, అందరూ నేర్పారు.

ఏడేళ్లు నిండాయి. అవి యుద్ధం రోజులు, గుడ్డ దొరకడమే గగనం. అలాంటిది నూర్ మొహమ్మద్ ఎక్కడో వెతికి నిక్కరుకు గుడ్డ తెచ్చాడు. దూదేకే విల్లు పక్కన పెట్టి, పెళ్లాం మొహం చూడకుండా అన్నాడు.

"శుక్రవారం ఒడుగులు చేయిద్దాం."

ఒడుగులంటే సున్తీ. కరీమున్నీసా చేతిలో చేట జారిపోయింది.

"వద్దయ్యా! వీధిలో నలుగురినీ పిలిచి మగపిల్లోడని చాటింపేసినట్టే గదా అది! దూతకు వినపడదా?"

"ఏడేళ్లొచ్చినాయే. ఒడుగులు లేకుండా వాణ్ణి మసీదులోకి ఎట్టా తీసుకుపోను? మా వాళ్లంతా నవ్వుతుండారు."

"నవ్వనీ. నవ్వితే ప్రాణాలు పోవు."

"పుట్టుకని లంగా కింద ఎన్నాళ్లు దాస్తావే?"

"దాచబట్టే బతికుండాడు!"

ఆయన మళ్లీ విల్లు అందుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషే, కానీ ఊరి నవ్వుకు జడిశాడు. ఆమె చావుకు జడిసింది. ఇద్దరి భయాల్లో మగవాడి భయమే నెగ్గింది.

ఆ నాలుగు రోజులూ కరీమున్నీసాకు కంటి మీద కునుకు లేదు. వీధిలో కుక్క మొరిగినా, గాలికి తడిక కదిలినా దిగ్గున లేచి కూర్చునేది. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది.

శుక్రవారం పొద్దున్నే జడలు కత్తిరించారు. ముక్కుపుడక తీశారు. బిడ్డ తల్లిని పట్టుకుంది.

"అమ్మా, నొప్పెడితే ఏడవచ్చా?"

"ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు. ఆడోళ్లను ఆ గదిలోకి రానివ్వరు. నీ ఏడుపు వినపడుతుంటే నువ్వుండావని నాకు తెలుసుద్ది."

నూర్ మొహమ్మద్ గుమ్మంలో నిలబడి, "రారా మహబూబ్!" అని కేకేశాడు. ఏడేళ్లుగా ఎవరూ పలకని పేరు వీధి చివరిదాకా వినిపించింది. కరీమున్నీసా చెవులు మూసుకుంది. తాను వినకపోతే దూత కూడా వినడన్నట్టు, పిచ్చిది.

తలుపు పడింది. లోపల మగవాళ్లు, ఒడుగులు చేసే ముసలి సాయిబు. బయట అత్తాకోడళ్లు తలుపుకు ఆనుకుని కూర్చున్నారు. కాసేపటికి బిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు విని కరీమున్నీసా ఊపిరి పీల్చుకుంది. ఉంది, నా బిడ్డ ఉంది. రెండోసారి కేక. మూడోసారి ఇంకా పెద్దగా.

మగవాళ్లెవరో ఏదో అన్నారు. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

కరీమున్నీసా చెవి తలుపుకు ఆనించింది. ఏమీ వినపడలేదు. మొదటివాడు పోయినప్పుడూ ఇంతే, ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా ఆగిపోయాడు. "అత్తా, వచ్చేశాడు! దూత వచ్చేశాడు!" అని అరుస్తూ, షాహిదా కొంగు పట్టి లాగుతున్నా ఆగక తలుపు తోసుకుని లోపలికి పడింది.

బిడ్డ బతికే ఉన్నాడు. మంచం మీద దుప్పటి కప్పుకుని, తల మీద కొత్త టోపీతో, కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టి ఉన్నాడు. పెదవి మీద నెత్తురు. కళ్లలో మాత్రం ఒక్క చుక్క లేదు.

"ఏడిస్తే ఆడపిల్లంటామని చెప్పా. అంతే, టక్కున ఆపేశాడు. మగపుట్టుక ఎక్కడికి పోతుంది!" అని మురిసిపోయాడు ముసలి సాయిబు. నూర్ మొహమ్మద్ మొహం వెలిగిపోతోంది.

"తల్లీ..." అంటూ కరీమున్నీసా దగ్గరికి తీసుకోబోయింది. వాడు బిగుసుకుపోయాడు. ముందు నాయన మొహం చూశాడు, తర్వాత ఆ మగవాళ్ల మొహాలు. అప్పుడు అన్నాడు.

"అవతలికి పోవే. ఇక్కడ మగోళ్లుండారు."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె లేచి బయటికి వచ్చింది.

"పిల్లోడు ఉండాడా?" షాహిదా అడిగింది.

"ఉండాడత్తా. బాగుండాడు."

అత్త రెండు చేతులూ పైకెత్తి అల్లాకు మొక్కుకుంది. కరీమున్నీసా మూలనున్న చిన్న లంగా తీసి ఒళ్లో పెట్టుకుంది. ముగ్గురు కొడుకులు పోయినప్పుడు వీధి వీధంతా వచ్చి తనతో పాటు ఏడ్చింది. ఈ పిల్ల కోసం ఎవరూ రారు. లోపల బెల్లం పంచుతున్నారు. ఆమె ఆ లంగానే నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది.