ఓబులేసు తాగలేదు

ఓబులేసుకు యాభై దాటాయి. కురబలకోటలో సొంత పికప్ వ్యాను నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెలను సంతలకు చేర్చడం అతని పని. తమ్ముడు తాగి తాగి చచ్చిపోయిన దగ్గర్నుంచి మందు ముట్టలేదు. తాగినవాణ్ని బండి ఎక్కించుకునేవాడు కూడా కాదు.

ఒక పొద్దున తమ ఊరి తిమ్మక్క గొర్రెలను ఎక్కించుకుని పుంగనూరు సంతకు బయలుదేరాడు. తిమ్మక్క ముందు సీట్లో కూర్చుంది. మదనపల్లె దాటేవరకూ బాగానే ఉన్నాడు. తర్వాత బండి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి లాగసాగింది.

"నిద్ర వస్తాందా ఓబులేసూ?" అంది తిమ్మక్క.

అతను ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో ఆమెకు అర్థం కాలేదు.

మలుపు తిరిగేసరికి పోలీసులు బారికేడ్లు పెట్టి బండ్లు తనిఖీ చేస్తున్నారు. పికప్ అటూ ఇటూ ఊగుతూ రావడం ఎస్సై సుష్మ దూరం నుంచే చూసి చెయ్యెత్తింది. ఓబులేసు బ్రేకు వేశాడు. బండి ఒక బారికేడ్‌ను నెట్టుకుంటూ పోయి ఆగింది.

"దిగప్పా" అంది సుష్మ.

దిగుతూనే అతను తూలి డోరు పట్టుకున్నాడు.

"ఎంత తాగినావు?"

"తా... గ... లే" అన్నాడు. నాలుక ముద్దగా తిరిగింది.

కానిస్టేబుల్ జగదీష్ మిషన్ తెచ్చి ఊదమన్నాడు. గాలి నోటి పక్కనుంచి పోయింది. మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ అంతే.

"నాటకాలాడతాండాడు మేడం. ఊదేదే లేదు."

తిమ్మక్క బండి దిగి వచ్చింది. "ఆ యప్ప తాగే మనిషి కాదు మేడమ్మా. పొద్దున్నుంచీ నా పక్కనే ఉండాడు."

"నువ్వు ఊరికే ఉండమ్మా. మనిషి నిలబడలేకపోతాండాడు, కనపడలేదా?"

సుష్మ బండి తాళాలు తీసుకుంది. మిగిలిన బండ్లు చూసేదాకా పక్కన కూర్చోమంది.

ఓబులేసు రోడ్డు వారగా ఒక రాయి మీద ఎండలో కూర్చున్నాడు. సంతకు పోయే బండ్లన్నీ ఆ దారినే పోతున్నాయి. తెలిసినవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. గొర్రెల బేరగాడు ముద్దుకృష్ణ స్కూటరు ఆపి చూసి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయాడు. ఓబులేసు అతణ్ని పిలుద్దామని చెయ్యెత్తబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. ఒళ్లో పడి ఉన్న ఆ చేతిని పరాయివాళ్లదాన్ని చూసినట్టు చూశాడు. అప్పుడు భయం వేసింది. చెప్పడానికి మాట రాలేదు.

ఎండదెబ్బేమోనని తిమ్మక్క సీసాతో నీళ్లు పట్టింది. నీళ్లు పెదవి కుడి మూల నుంచి కారిపోయాయి. ఆమె అతని ముఖం తనవైపు తిప్పుకుని చూసి అరిచింది.

"మేడమ్మా! ఈడికి రండి! మూతి పక్కకు పోయిండాది సూడండి!"

సుష్మ వచ్చింది. "రెండు చేతులూ ఎత్తప్పా" అంది. ఒకటే లేచింది. ఆమె వెంటనే అతణ్ని జీపులో పడుకోబెట్టించి, తిమ్మక్కనూ ఎక్కించుకుని, మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయింది. గొర్రెలున్న బండిని జగదీష్ కురబలకోటకు వెనక్కి నడిపాడు.

పక్షవాతం అన్నారు డాక్టర్లు. ఇంకా ఆలస్యమై ఉంటే ప్రాణానికే ముప్పని, కాస్త ముందు తెచ్చి ఉంటే చెయ్యి దక్కేదేమోనని, రెండూ చెప్పారు.

కుప్పంలో బట్టల షాపులో పనిచేసే కూతురు వెన్నెల సాయంత్రానికల్లా వచ్చింది. తిమ్మక్క చెప్పిందంతా విని, పై ఆఫీసర్లకు ఫిర్యాదు చేస్తానంది.

కొన్నాళ్లకు సుష్మ యూనిఫాం లేకుండా ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన నిలబడింది.

"తాగినాడనే అనుకున్నా. మిషన్ ఏమీ చూపించకపోయినా మళ్లీ ఆలోచించలేదు. తప్పు నాదే."

"మా నాయన్ను అందరి ముందర ఎండలో కూర్చోబెట్టి, ఇప్పుడు తప్పంటే సరిపోతాదా మేడం?" అంది వెన్నెల.

ఓబులేసు ఎడమచేత్తో కూతురి చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే మాట కొంచెం తిరిగి వచ్చి ఉంది. ఒక్కో ముక్కా కూడగట్టుకుని అన్నాడు:

"ఆపకుంటే... యా గుంతలోనో పడుందుము. తిమ్మక్క గూడా. దానికి నేనేమీ అనను. సంతలో అందురూ... నేను తాగినానంటాండారంట. కాదని మీరే పోయి చెప్పల్ల."

సుష్మ తలూపింది. తండ్రి మాట విన్నాక వెన్నెల ఫిర్యాదు ఊసెత్తలేదు.

డిశ్చార్జి అయ్యాక ఆమె తండ్రిని కుప్పం తీసుకుపోయింది. కుడిచెయ్యి స్టీరింగ్ పట్టేలా లేదని తేలాక పికప్ అమ్మేశారు.

ఒక సంతరోజు సాయంత్రం తిమ్మక్క ఫోన్ చేసింది.

"ఎస్సైయమ్మ వచ్చింది ఓబులేసూ. పోలీసు డ్రెస్సేసుకునే వచ్చింది. గొర్రెల మధ్యలో నిలబడి గట్టిగా చెప్పింది. ఆ యప్ప తాగలేదు, జబ్బు చేసింది, తెలుసుకోలేక కూర్చోబెట్టింది నేనే అని."

"ఏమన్నారు అందురూ?"

"పాపమన్నారు. ఒకరిద్దరు, పోలీసులకు ఏం ముట్టిందో అని నవ్వినారు. వాళ్లకు నేను బాగా గడ్డి పెట్టినాలే."

"ముద్దుకృష్ణ ఉన్నాడా?"

"ఉన్నాడు. అన్నీ ఇన్నాడు. తల వంచుకోని పోయినాడు."

ఓబులేసు ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆయమ్మ ఏం చెప్పిందో ఇంగోసారి చెప్పక్కా" అన్నాడు.

తిమ్మక్క మళ్లీ మొదట్నుంచి చెప్పింది.