నాలుగు గింజల ఎత్తు

గొర్రెపిల్లల పాక గుమ్మం కింద నుంచి పారుతున్నది నీళ్ళు కాదనీ, కాఫీ డికాషన్ రంగులో నెత్తురు కలిసిన మూత్రమనీ శివపార్వతికి అర్థమయ్యేసరికి ఆమె చేతిలోని కళ్ళాపి బకెట్టు జారి కింద పడింది. తడిక తీసి చూసింది. మూడు పిల్లలు కాళ్ళు చాపి పడి ఉన్నాయి. కళ్ళ తెల్లగుడ్లు పసుపు ముంచినట్టున్నాయి.

"ఏంటా చప్పుడు? కాఫీ అయిందా?" అన్నాడు లోపలి నుంచి ఆదిశేషయ్య.

కాఫీ పెట్టింది. మొగుడికి ఒక గ్లాసు, అత్తగారు సుబ్బాయమ్మకి ఒక గ్లాసు ఇచ్చాకనే చచ్చిన పిల్లల దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. పదకొండేళ్ళ కాపురంలో అలవాటైన వరస అది. ముందు వాళ్ళ గ్లాసులు, తరవాతే ఎవరి చావైనా.

నిరుడు, డెబ్భై అయిదులో, పుట్టిన పిల్లలు పుట్టినట్టే వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ చచ్చిపోయాయి. తిరువూరు పశువుల డాక్టరు సుందరరావు వచ్చి, తల్లుల మేతలో రాగి చాలలేదన్నాడు. రాగి ఉండే మైలుతుత్తం పొట్లం ఇచ్చి, ఇరవై పిల్లలకి రోజూ ఎంత కలపాలో చెప్పాడు. ఆ కాస్తని తూచే త్రాసు ఎవరింట్లో ఉంటుంది? శివపార్వతి కంసాలి వీధికి వెళ్ళి, బంగారం తూచే చిన్న త్రాసూ, గురివింద గింజలూ తెచ్చుకుంది. రోజూ నాలుగు గింజల ఎత్తు, ఒక్క గింజ ఎక్కువ కాకుండా తూచి, నూరి, ఉప్పులో, తవుడులో కలిపి పెట్టింది. ఈ ఏడు ఇరవై పిల్లలూ నిగనిగలాడుతూ ఎదిగాయి. "ఇంత ఓపిగ్గా తూచే మనిషిని నేను చూళ్ళేదమ్మా. విజయవాడలో ఆర్నెల్ల శిక్షణ ఉంది. ఆడవాళ్ళని కూడా తీసుకుంటున్నారు. నీ పేరు పంపిస్తాను" అన్నాడు డాక్టరు. ఆ రాత్రి ఆమె తన పేరుని ఇంటిపేరుతో సహా పలకమీద రాసి చూసుకుంది. తుడిచేసి మళ్ళీ రాసింది.

ఇప్పుడు అదే డాక్టరు చచ్చిన పిల్లని కోశాడు. మూత్రపిండం నేరేడుపండులా నల్లగా ఉంది.

"తుత్తం ఎక్కువైంది. ఒక్కరోజుది కాదు, నెలరోజులుగా కాలేయంలో పేరుకుంది. గొర్రెకి ఇది లేకపోయినా ముప్పే, కాస్త ఎక్కువైనా చావే."

"చెప్పానుగా డాక్టరుగారూ!" ఆదిశేషయ్య పెద్దగా నవ్వాడు. "పులుసులో ఉప్పే సరిగ్గా పడదు దీని చేత్తో. దీనికి తూకాలప్పగించారు మీరు."

"గొడ్రాలి చెయ్యి నాయనా. పసిదాని మీద పడితే అంతే" అంది సుబ్బాయమ్మ అరుగు మీద నుంచి.

డాక్టరు శివపార్వతి మొహంలోకి చూడలేదు. "మందు ఆపెయ్. మిగిలినవి బతికితే చూద్దాం. ఆ శిక్షణ సంగతి... పైవాళ్ళకి నేనేం చెప్పాలమ్మా?" అని సైకిలెక్కాడు.

ఆ రోజే మందు ఆపేసింది. రాత్రింబవళ్ళు తన తూకాన్నే అనుమానించుకుంది. గింజలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమో అనుకుంది. కానీ మూడోనాడు రెండు చచ్చాయి. అయిదోనాడు ఇంకో నాలుగు. మిగిలినవి పదకొండు. పొట్లం విప్పి చూసింది. సంక్రాంతి దాకా రావలసింది అడుగంటి ఉంది.

ఆరోనాడు పిల్లలకి కుడితి పోసి, బట్టలు పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళింది. మొగుడి పంచె బండమీద పరిచింది. రొంటిన దోపుకునే మడతలో, అరచేతి వెడల్పున, నెమలిరంగు మరక. నెల్లాళ్ళుగా అక్కడే, ఆ మరకే రుద్దుతోంది. మొదటిరోజు అడిగితే "మామిడిచెట్లకి మందు కొట్టాను" అన్నాడు. తుత్తంతో చేసే ఆ మందులో సున్నం కలపాలి, లేకపోతే ఆకు మాడిపోతుంది. సున్నం బానకి గుడ్డ కట్టింది తను. పాకలోకి వెళ్ళి చూస్తే తను వేసిన ముడి వేసినట్టే ఉంది.

పంచె ఉతకలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఉతక్కుండా వదిలిన మొదటి బట్ట అది.

మధ్యాహ్నం ఆదిశేషయ్య భోజనానికి కూర్చున్నాడు. అన్నం వడ్డించి ఎదురుగా నిలబడింది.

"గంటలో డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను. పంచె తీసుకునే వెళ్తున్నాను. తుత్తం మీ రొంటిలోకి ఎందుకొచ్చిందో ఆయనకి చెప్పాలిగా. మీరే చెప్పండి."

పక్కన మజ్జిగ చిలుకుతున్న సుబ్బాయమ్మ కవ్వం ఆగింది. ఆదిశేషయ్య ముద్ద కలుపుతూనే ఉన్నాడు. మింగి, మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"నేనే వేశాను. అయితే ఏంటి? బస్టాండు కాడ టీకొట్లో నన్నేమని పిలిచారో తెలుసా? గొర్రెపిల్లల పార్వతి మొగుడంట! మా అయ్య పేరు పోయింది, నా పేరు పోయింది. నీకు పేరు తెచ్చినవాటితోనే నీ పేరు తీసేద్దామనుకున్నా. రోజూ చిటికెడు. నువ్వు మందు ఆపావని నేనెందుకు ఆపుతానే? డాక్టరుకి చెప్పుకో, పో. నీ మాట నమ్ముతాడా, నా మాటా? మూడు చస్తే ఏడుస్తావనుకున్నా, ఏడవలేదు. తొమ్మిది చచ్చినా ఏడవలేదు. అందుకే ఇవాళ చిటికెడు కాదు, గుప్పెడు వేశాను. పొద్దున నువ్వు నీ చేత్తో, ముద్దులాడుతూ తాగించావే, ఆ కుడితిలోనే."